సంతకి ముందు రెండు రోజులు: ఇంట్లో ఉన్నదానితోనే వంట

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఊళ్ళవాళ్ళు వారానికి సరిపడా కూరగాయలు ఇప్పటికీ సంతలోనే కొంటారు. మొదటి నాలుగు రోజులు వంట బాగానే సాగుతుంది. ఆ తర్వాత బుట్ట అడుగున వాడిపోయిన బీరకాయ ఒకటి, సగం కోసిన ఆనపకాయ, నాలుగు బెండకాయలు, పులిసిపోయిన అట్ల పిండి, రాత్రి అన్నం మిగులుతాయి. వీటితో ఏం కూరవుతుందిలే అని పక్కన పెట్టి, మళ్ళీ సంచి పట్టుకుంటాం. డబ్బు పోయేది అక్కడే. సంతకి ముందు రెండు రోజులు కొత్తగా ఏమీ కొనకుండా ఉన్నదానితోనే వండడం అలవాటు చేసుకోండి. రైతుబజారు దగ్గర్లో ఉండి రోజూ కొనేవాళ్ళు కూడా వారంలో ఏవో రెండు రోజులు ఇలా పెట్టుకోవచ్చు.

ఒక్క అన్నం సంగతే చూడండి. రోజూ పావుకిలో అన్నం పారబోస్తే సుమారు 100 గ్రాముల బియ్యం పోయినట్టు. నెలకి 3 కిలోలు. రేషన్ కార్డు మీద మనిషికి నెలకి వచ్చేదే 5 కిలోలు.

ముందు చీటీ రాయండి

బుట్ట, ఫ్రిజ్, పోపుల డబ్బా, పిండి డబ్బాలు, ఎండుచేపల సీసా అన్నీ ఒకసారి తీసి చూడండి. ఏమున్నాయో కాదు, ఏది ముందు పాడవుతుందో ఆ వరసలో రాయండి. వండిన అన్నం, పప్పు, పాలు, పగలగొట్టిన కొబ్బరి, ఆకుకూరలు ఇవాళే అయిపోవాలి. కోసిన కాయలు, టమాటా, బెండ, వంకాయ, పిండి రేపటిలోగా. కంద, చిలగడదుంప, కోయని గుమ్మడికాయ, ఉల్లిపాయలు ఆగుతాయి. మనది సముద్రం గాలి తగిలే ప్రాంతం. వేసవిలోనూ, వానల్లోనూ తేమ ఎక్కువ. బయట ఉన్న కూర పొడి ప్రాంతాల్లో నిలిచినంతసేపు ఇక్కడ నిలవదు. అందుకే వరస తప్పకూడదు.

రాత్రి అన్నం: చద్ది, తరవాణి

అన్నం మిగిలిందని తెలియగానే, వండిన రెండు గంటల్లోపే, నీళ్ళలో వేసేయాలి. అసలు మెలకువ ఇదే. వండినా చావని ఒక రకం సూక్ష్మజీవుల గింజలు బియ్యంలో ఉంటాయి. పొడి అన్నం గిన్నెలో రాత్రంతా బయట ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. కాబట్టి మూతపెట్టి మరిచిపోయిన అన్నాన్ని పొద్దున్న పోపు పెట్టి పులిహోర చేస్తే సరిపోతుందనుకోవడం తప్పు. పులిహోర చెయ్యాలనుకుంటే ఆ అన్నాన్ని రాత్రే పల్చగా ఆరబెట్టి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి ఉండాలి.

చద్దికి కప్పు అన్నం, రెండు కప్పుల చల్లటి మంచినీళ్ళు, రెండు చెంచాల పుల్లటి మజ్జిగ సరిపోతాయి. మజ్జిగ రుచి కోసం మాత్రమే కాదు. అది త్వరగా పులిపిస్తుంది, ఆ పులుపు చెడ్డ సూక్ష్మజీవుల్ని పెరగనివ్వదు. నీళ్ళు అన్నం మీద రెండు వేళ్ళ ఎత్తున నిలవాలి. మట్టికుండ అయితే లోపల చల్లగా ఉంటుంది. వేసవిలో ఎనిమిది గంటలు దాటనివ్వకండి. పొద్దున్న ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసుకుని తినేయాలి. మధ్యాహ్నానికి దాచకూడదు. పసిపిల్లలకి, గర్భిణులకి, ఒంట్లో బాగోలేనివాళ్ళకి అప్పుడే వండిన అన్నమే పెట్టండి.

అన్నం వార్చే ఇళ్ళలో తరవాణి, అంటే పులిసిన గంజినీళ్ళ కుండ పెట్టుకోవచ్చు. వార్చిన గంజి పూర్తిగా చల్లారాక కప్పు గంజికి రెండు కప్పుల నీళ్ళు, చిటికెడు ఉప్పు, రెండు దబ్బాకులు వేసి, అందులో మిగిలిన అన్నం వేయాలి. వేడి గంజి పోస్తే కుండలో ఉన్న పులుపు చచ్చి మర్నాడు కంపు కొడుతుంది. రోజూ పావువంతు పులినీళ్ళు అడుగున ఉంచి దాని మీదే కొత్త గంజి పోయాలి. వారానికోసారి కుండ ఖాళీ చేసి, వేడినీళ్ళతో కడిగి, ఎండలో బోర్లించాలి. పుల్లటి వాసన మంచిదే. తీగలా సాగినా, పైన గులాబీ రంగో నల్లటి బూజో కనిపించినా ఆ కుండలోది మొత్తం పారబోయాలి. పైన తేలింది తీసేసి కిందది తాగకూడదు.

చోళ్ళ (రాగి) పిండి డబ్బా అడుగున కాస్తే మిగిలి ఉంటే అంబలి చేసేయండి. అరకప్పు పిండిని ఒకటిన్నర కప్పుల నీళ్ళలో రాత్రే కలిపి ఉంచాలి. పొద్దున్న నాలుగు కప్పుల నీళ్ళు మరిగించి, పులిసిన పిండిని సన్నధారగా పోస్తూ పది నిమిషాలు కలపాలి. పొడిపిండి నేరుగా మరిగే నీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది. చల్లారాక చద్దన్నం, మజ్జిగ కలిపితే నలుగురికి పొద్దుటి తిండి.

కాయలన్నీ కలిపి ముక్కల పులుసు

ఒక్కో రకం ఒక్కో కూరకి చాలనప్పుడు ముక్కల పులుసే దారి. నలుగురికి అన్నీ కలిపి మూడు కప్పుల ముక్కలు, 20 గ్రాముల చింతపండు, అంటే చిన్న నిమ్మకాయంత, రెండు చెంచాల బెల్లం, చెంచా బియ్యప్పిండి చాలు. ముందు చిలగడదుంప, మునగకాడ ముక్కలు మునిగేటంత నీళ్ళు పోసి ఎనిమిది నిమిషాలు ఉడికించండి. తర్వాత గుమ్మడి, ఆనప, బీర. చివర్న వంకాయ, బెండ. ముక్క వేలితో నొక్కితే దిగాకే చింతపండు పులుసు పోయాలి. పులుపు తగిలాక ముక్క త్వరగా మెత్తబడదు. చాలా ఇళ్ళలో చిలగడదుంప గట్టిగా, ఆనపకాయ పేస్టులా ఉండటానికి కారణం చింతపండు ముందే పోసేయడం, ముక్కలన్నీ ఒకేసారి వేయడం. పులుసు మరిగాక బెల్లం, ఆఖర్న బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోసి, మూడు నిమిషాలు ఉంచి దించండి.

ఆనపకాయ, బీరకాయ, దోసకాయ ఏది కోసినా చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే వెంటనే ఉమ్మేసి ఆ కాయ పారేయండి. ఆ చేదు విషమే, ఉడికించినా పోదు. ఇక్కడ పొదుపు చూసుకోకూడదు.

నిన్నటి పప్పు కప్పుడు ఉంటే, దాన్ని వండగానే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే, రెండు కప్పుల నీళ్ళు, ఉసిరికాయంత చింతపండు కలిపి ఐదు నిమిషాలు బాగా మరగనిస్తే పప్పుచారు. ఉప్పు ముందే వేయకండి, పప్పులో ఉన్నది ఎంతో మరిగాకే తెలుస్తుంది.

రుచిలేని ముక్కకి ఆవ పెట్టండి

ఒంటరి అరటికాయ, పావు క్యాబేజీ, కాస్త పెండలం లాంటివాటికి మన వంటిల్లు చూపే మందు ఆవ. కొత్తగా కొనాల్సిన పనిలేదు, పోపుల డబ్బాలో ఉన్న ఆవాలే. చెంచా ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు ఉప్పు చల్లటి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి మెత్తగా నూరాలి. ఆవాల ఘాటు గింజ నలిగి నీళ్ళు తగిలినప్పుడే పుడుతుంది. వేడి నీళ్ళు పోస్తే ఘాటు పుట్టనే పుట్టదు. ముక్కలు కాస్త చింతపండు పులుసులో ఉడికి, నీరు ఇంకి, పోపు పడ్డాక పొయ్యి ఆపి, ఐదు నిమిషాలు ఆగి ఆవ కలపండి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటు ఆవిరైపోయి, మిగిలేది చేదే. అరకిలో ముక్కకి ఒక చెంచా ఆవాలు మించనివ్వకండి.

తొక్కలు, పిక్కలు

అరకిలో బీరకాయల మీద గీసిన తొక్కు ఒక పూట పచ్చడికి సరిపోతుంది. పురుగుమందులు ఎక్కువగా తగిలేది తొక్కకే కాబట్టి, గీయకముందే కాయని ఉప్పు నీళ్ళలో పావుగంట ఉంచి రుద్ది కడగాలి. రెండు చెంచాల నూనెలో చెంచా మినప్పప్పు, రెండు చెంచాల నువ్వులు, ఆరు పచ్చిమిరపకాయలు వేయించి తీసి, అదే మూకుడులో తొక్కు తడి పోయేదాకా వేయించండి. తడి మిగిలితే పచ్చడి సాయంత్రానికే జిగురొస్తుంది. చింతపండు, ఉప్పు వేసి బరకగా నూరాలి.

ఉద్దానం పనసపళ్ళ కాలంలో తొనలు తిని పిక్కలు పారేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. కడిగి, ఒకరోజు నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకలో పాతితే వారాలు నిలుస్తాయి. తడితో డబ్బాలో పెడితే మొలకెత్తుతాయి, లేదా బూజు పడతాయి. వండేముందు కుక్కరులో నాలుగు విజిల్స్ రానిచ్చి, పైన ఉండే తెల్లటి పెంకు ఒలిచేయాలి. లోపలి గోధుమరంగు పొర ఉన్నా ఫరవాలేదు. నిప్పుల్లో కాల్చేటప్పుడు ఒక గాటు పెట్టకపోతే పేలతాయి. రెండు వంకాయలు, గుప్పెడు ఎండురొయ్యలు ఉన్నాయంటే పిక్కలతో మంచి కూర. వానాకాలంలో ఎండుచేపలూ రొయ్యలూ చెమ్మ పట్టి మెత్తబడతాయి. బూజు లేకపోతే ఎండ వచ్చిన రోజు ఆరబెట్టి వాడుకోవచ్చు. ఎర్రటి మచ్చలు తేలితే వద్దు.

మిగిలిన కొబ్బరి చెక్క అంచున జిగురు రాకముందే కోరి, సన్నని సెగ మీద 15 నిమిషాలు ఎర్రగా వేయించి, ఎండుమిరప, వెల్లుల్లి, ఉప్పుతో దంచితే కొబ్బరికారం. పొడి చెంచాతో తీసుకుంటే పదిహేను రోజులు ఉంటుంది.

పులిసిన పిండి, పులిసిన పెరుగు

పిండి అట్టుకి పనికిరానంత పులిస్తే దిబ్బరొట్టె వేయండి. రెండు కప్పుల పిండి పల్చగా ఉంటే మూడు చెంచాల బొంబాయి రవ్వ కలిపి ఇరవై నిమిషాలు ఉంచాలి. మందపాటి మూకుడులో మూడు చెంచాల నూనె కాగాక పిండి అంగుళం మందాన పోసి, మూతపెట్టి, సన్నని సెగ మీద 15 నిమిషాలు, తిరగేసి ఇంకో ఎనిమిది. సెగ పెంచితే అడుగు మాడి మధ్యలో పచ్చిగా ఉంటుంది. పల్చటి పిండితో పునుగులు వేయకండి, నూనె తాగేసి మిగుల్చుకున్న డబ్బు అక్కడే పోతుంది.

పులిసిన పెరుగు రెండు కప్పులకి చెంచా శనగపిండి చిలికి, ఉడికిన ఆనపకాయ ముక్కల్లో పోసి మజ్జిగపులుసు చేయొచ్చు. పిండి లేకపోయినా, తెర్ల కాగినా విరిగిపోతుంది.

తుపాను కబురొస్తే

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఈ రెండు జిల్లాల్లో ఎన్నో ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరు, నవంబరుల్లో ఫ్రిజ్ నిండా నింపుకోకపోవడమే మంచిది. హెచ్చరిక రాగానే పాలు, చేప, మాంసం, పిండి ముందు వండేసుకోండి. కరెంటు పోయాక తలుపు తీయకపోతే ఫ్రిజ్‌లో చల్లదనం నాలుగు గంటలే ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ అయితే రెండు రోజులు, సగం నిండినదైతే ఒక రోజు.

దాచకూడనివి

బూజు పట్టిన వేరుశనగ గుళ్ళు ఏరి వాడొద్దు, సంచి మొత్తం పారేయాలి. పచ్చబడ్డ బంగాళదుంపలు, ఒకసారి వేడి చేసి మళ్ళీ మిగిలిన మాంసం కూర కూడా అంతే. వేయించిన నూనె నల్లబడకపోతే వడకట్టి పోపులకి వాడండి, మళ్ళీ మళ్ళీ వేపుళ్ళకి వద్దు.

సంత రోజు పొద్దున్న ఆ చీటీనే మళ్ళీ తీయండి. రెండు వారాలు వరసగా మిగిలిన కాయ ఏదో దాన్ని ఈసారి సగమే కొనండి. ఆకుకూర రెండు కట్టలకి మించి వద్దు. కంద, గుమ్మడి ఇంట్లో ఉన్నాయని రాసి ఉంటే వాటి వైపు వెళ్ళకుండా, ముందు పోపు సామాను కొట్టు దగ్గర ఆగండి. ఆవాలు, చింతపండు, బెల్లం నిండుకుంటే వచ్చే వారం ముక్కల్ని కలిపేది ఏదీ ఉండదు.