మార్కుల మెసేజి వచ్చిన సాయంత్రం ఇంట్లో ఏం చేయాలి

మా అమ్మాయి కూకట్‌పల్లిలో ఇంటర్మీడియెట్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. హాస్టల్లో ఉండదు, ఇంటి నుంచే వెళ్లి వస్తుంది. శనివారం జేఈఈ మెయిన్ (జాతీయ స్థాయి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) నమూనాలో వీకెండ్ టెస్టు రాస్తారు. సోమవారం మధ్యాహ్నం నాలుగు గంటల ప్రాంతంలో మార్కులు, ర్యాంకు తల్లిదండ్రుల ఫోనుకు మెసేజిగా వచ్చేస్తాయి. అమ్మాయి కాలేజీ బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఆరున్నర అవుతుంది. అంటే తన మార్కులు తను చెప్పకముందే, కొన్ని వారాలైతే తనకు తెలియకముందే, నాకు తెలిసిపోతాయి. ఈ రెండున్నర గంటల్లో తల్లి మనసులో జరిగేదే ఆ సాయంత్రాన్ని నిలబెట్టేది, చెడగొట్టేది కూడా. మొదటి సంవత్సరంలో నేను చేసిన పొరపాటును, ఆ తర్వాత మా ఇంట్లో అలవాటు చేసుకున్న పద్ధతిని ఇంటర్ పిల్లలున్న తల్లుల కోసం రాస్తున్నాను.

కిందటేడాది ఒక సోమవారం 300కు 112 అని మెసేజి వచ్చింది. అమ్మాయి వచ్చి గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. ఒక బూటు ఇంకా కాలికే ఉంది, బ్యాగు భుజం మీదే ఉంది. “ఫిజిక్స్‌లో ఎందుకు తల్లీ అంత తగ్గాయి?” అని అడిగాను. గొంతు పెంచలేదు, కోప్పడలేదు. అయినా తను తలెత్తలేదు. రెండో బూటు విప్పకుండానే లేచి గదిలోకి వెళ్లిపోయింది. ఇష్టమని వేసి ఉంచిన పెసరట్టు, అల్లప్పచ్చడి బల్ల మీదే చల్లారిపోయాయి. రాత్రి పది దాటాక మజ్జిగన్నం కలుపుకుంటూ, “మెసేజి వచ్చిందిగా, చూశావుగా. ఇంక నేను చెప్పేదేముందమ్మా?” అంది.

ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ వీధి మలుపులోనే “అమ్మా, నాకు పదికి పది వచ్చాయి” అని కేకపెట్టిన పిల్లకు, పదహారేళ్లు వచ్చేసరికి తన సంగతి తానే చెప్పుకునే వీలు లేకుండా పోయింది. తక్కువ వచ్చినప్పుడే కాదు, ఎక్కువ వచ్చిన వారం కూడా ఆ సంతోషాన్ని ఫోను ముందే లాగేసుకుంటోంది. ఆ వీలును తిరిగి తన చేతికి ఇవ్వడమే మేము ముందుగా చేసిన పని.

దానికి మెసేజి చూడనట్టు నటించకూడదు. మెసేజి వస్తుందని పిల్లలకు తెలుసు. మనం తెలియనట్టు ముఖం పెడితే అది అబద్ధమని క్షణంలో పట్టేస్తారు. ఒక సెలవు రోజున, మార్కుల గొడవ లేని సమయంలో, కూర్చోబెట్టుకుని నేరుగా చెప్పండి: “మెసేజి నాకు వస్తుంది, నేను చూస్తాను. కానీ నువ్వు చెప్పేదాకా దాని గురించి ఎత్తను. ఆ రోజు చెప్పినా సరే, మర్నాడు చెప్పినా సరే.” ఆ మాట ఇచ్చాక తప్పకూడదు. మా అమ్మాయి మొదట్లో రెండు సోమవారాలు ఏమీ చెప్పలేదు. మూడో సోమవారం నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే వచ్చి పక్కన కూర్చుని, నాలుగు కాయలు తనూ తీసి, “కెమిస్ట్రీ పోయిందమ్మా” అంది. ఆ రెండు వారాలు నోరు కట్టుకుని ఉండటం నాకెంత కష్టమైందో నాకే తెలుసు. మీకూ అవుతుంది, అయినా ఓర్చుకోండి.

ఈ ఒప్పందం ఇంట్లో అందరిదీ కావాలి. మా ఇంట్లో మెసేజి మా ఆయన ఫోనుకు కూడా వస్తుంది. నేను మాట నిలబెట్టుకున్నా, ఆయన ఆఫీసు నుంచి వస్తూనే భోజనాల దగ్గర ర్యాంకు అడిగేస్తే అంతా వృథా. కాబట్టి ముందు మీరిద్దరూ మాట్లాడుకోండి. నల్గొండలో ఉండే మా అత్తగారు ఆదివారం ఫోన్ చేసి మనవరాలిని “ఎన్ని వచ్చినయే?” అని అడిగేవారు. ప్రేమతో అడిగే పెద్దావిడను ఆపడం మర్యాద కాదనిపించింది గానీ, విషయం నెమ్మదిగా చెప్తే అర్థం చేసుకున్నారు. ఇప్పుడు “బస్సుల సీటు దొరుకుతున్నదా, ఏం తిన్నవ్?” అని అడుగుతారు, మనవరాలు పావుగంట మాట్లాడుతుంది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఎవరి పిల్లల మార్కులు ఎవరు పెట్టినా మన పిల్లల ముందు చదవకండి.

పిల్ల తనంతట తాను చెప్పాక ఏం చేయాలన్నది రెండో సంగతి. అదే సాయంత్రం ప్రశ్నపత్రం తీయమనకండి. పొద్దున ఏడింటికి బయల్దేరిన మనిషికి ఆ పూట తిండి, స్నానం, నిద్ర ముఖ్యం. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. పైగా నిద్ర ముంచుకొచ్చే వేళ ఈ వయసులో సహజంగానే ఆలస్యమవుతుంది. రాత్రి పదకొండుకు కూడా నిద్ర రావడం లేదంటే అది మొండితనం కాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి చదివిస్తే పోయేది ఆ నిద్రే.

మర్నాడు టిఫిన్ అయ్యాక, తను సరేనంటేనే, అరగంట కేటాయించండి. నేను చదివింది బి.కాం., నాకు ఆ లెక్కలు రావు, రావాల్సిన పనీ లేదు. ఒక నోట్‌బుక్ తీసుకుని తను చెప్తుంటే నేను గడుల్లో రాస్తాను. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు ఉంటాయి, సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. ఆ 112 మార్కుల పేపరును తర్వాత ఇలా విడదీసి చూస్తే, 31 ఒప్పులు, 12 తప్పులు, 32 వదిలేసినవి అని తేలింది. ఆ 12 తప్పుల్లో అయిదు చివరి పది నిమిషాల్లో ఊహించి పెట్టినవి, నాలుగు లెక్క తెలిసి ప్లస్సు, మైనస్సుల దగ్గర పొరపాటు చేసినవి. నిజంగా పాఠం రానివి మూడే. వదిలేసిన 32లో సగానికి పైగా ఫిజిక్స్‌వి. మ్యాథ్స్ దగ్గరే సమయమంతా అయిపోయి ఫిజిక్స్ చివరి పేజీలకు తను వెళ్లనేలేదు. గుమ్మం దగ్గర నేను “ఎందుకు తగ్గాయి” అని అడిగినదానికి జవాబు ఇదీ. ఆ సాయంత్రం ఈ జవాబు తనకు కూడా తెలియదు. అందుకే ఆ ప్రశ్న తనకు నిందలాగే వినిపించింది.

ఊహించి పెట్టడం గురించి ఒక మాట. రాష్ట్ర స్థాయి ప్రవేశ పరీక్ష అయిన తెలంగాణ ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 160 మార్కులు, తప్పుకు కోత లేదు, కాబట్టి అక్కడ ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. జేఈఈలో అదే అలవాటు నష్టం చేయవచ్చు, ఊహ తప్పిన ప్రతిసారీ ఒక మార్కు పోతుంది. ఒకే నెలలో రెండు రకాల పరీక్షలు రాసే పిల్లలు ఈ తేడా దగ్గర తడబడితే అజాగ్రత్త అని తిట్టకండి. ఏ పరీక్షకు ఏ పద్ధతో పేపరు మొదలుపెట్టే ముందే గుర్తు చేసుకోమని చెప్తే చాలు.

ఇక ర్యాంకు. పక్కవాళ్లు పైకి పోతే మన మార్కులు పెరిగినా ర్యాంకు పడిపోతుంది. మా నోట్‌బుక్‌లో ర్యాంకుకు గడి లేదు.

ఇదంతా మామూలు సోమవారాల సంగతి. పిల్ల రెండు వారాలుగా సరిగా తినకపోయినా, నిద్ర పోకపోయినా, ఇష్టమైన పనుల జోలికి వెళ్లకపోయినా, “నేను లేకపోతే మీకే నయం” లాంటి మాట అన్నా, అప్పుడు నోట్‌బుక్ మూసేయాలి. నువ్వు చెప్పేదాకా ఆగుతానన్న మాట కూడా అక్కడ వర్తించదు. వెంటనే పక్కన కూర్చుని, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన వస్తుందన్న భయం అక్కర్లేదు. ఒంటరిగా వదలకండి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్య సాయం కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఫోన్ సేవ టెలీ మానస్, దాని నంబరు 14416. రాత్రింబవళ్లు ఎప్పుడైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును మా ఫ్రిజ్ తలుపు మీద గ్యాస్ నంబరు పక్కనే రాసి పెట్టాను, తన కంట కూడా పడుతుందని.

జనవరిలో ప్రీ ఫైనల్స్ మొదలయ్యాక మెసేజులు దాదాపు రోజూ వస్తాయి. అప్పుడు రోజూ కూర్చోవద్దు, వారానికి ఒక్కసారి చాలు. అవి బోర్డు పరీక్షల నమూనాలో ఉంటాయి కనుక గడులు కూడా మార్చుకోవాలి. ఫిజిక్స్ పేపరు 60 మార్కులకు: రెండేసి మార్కుల ప్రశ్నలు పది, నాలుగేసివి ఎనిమిదింట్లో ఆరు, ఎనిమిదేసివి మూడింట్లో రెండు. ఇక్కడ కోత ఉండదు. ఛాయిస్‌లో ఏది ఎంచుకుంది, చివరి ప్రశ్నకు ఎన్ని నిమిషాలు మిగిలాయి, బొమ్మకు పేర్లు రాసిందా లేదా అన్న మూడు గడులు గీసుకోండి. మా అమ్మాయి ఈసారి ఆ గడులు తనే గీసుకుంది. నాకు మిగిలిన పని, తను చెప్తుంటే రాయడం.