చెమ్మకు గోడ బూజు పట్టిన ఇల్లు కొనాలా, మానాలా? తిరుపతిలో ఎలా తేల్చుకోవాలి

మే నెల ఎండలో చూస్తే తిరుపతిలో ఏ గోడైనా పొడిగానే కనిపిస్తుంది. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అందుకే కుదిరితే నవంబరు ముసురు పట్టిన మర్నాడు ఇల్లు చూడండి. కుదరకపోతే పక్కింటామెను అడగండి: "2021 నవంబరు వరదకి ఈ వీధిలో నీళ్లు ఎంతమట్టుకు వచ్చినాయక్కా?" బ్రోకరు నోట రాని సంగతి అక్కడ తెలుస్తుంది.

1. దాచిన చోట్లు చూడండి. కొర్లగుంటలో నేను చూసిన ఒక ఇంట్లో హాలు గోడకి స్వామివారి క్యాలెండరు ఉండింది. పక్కకు జరిపితే వెనక అంతా నల్లటి చుక్కలు, అట్ట మెత్తబడి గోడకు అతుక్కుపోయింది. బీరువా జరిపించండి, కప్‌బోర్డులో తలపెట్టి వాసన చూడండి. ఒక్క గోడకే కొత్త రంగుంటే అనుమానించాల్సిందే. ఇల్లు చూపించే రోజే సాంబ్రాణి దట్టంగా వేశారంటే నాకు భక్తికన్నా ముందు బూజే గుర్తొస్తుంది.

2. ఉప్పా, బూజా? తెల్లటి పొర మీద నీటి చుక్క వేయండి. కరిగితే ఉప్పు. అంతమాత్రాన గండం గడిచినట్టు కాదు, ఉప్పు తేలిందంటే గోడలో చెమ్మ ఉన్నట్టే.

3. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకోండి. అసలు పని ఇదే. బూజును తోమేయొచ్చు, నీటి దారి మూయకపోతే మళ్లీ వస్తుంది. మరక నేల నుంచి రెండు మూడడుగులు పట్టీలా ఉంటే పునాదిలోంచి ఎక్కే చెమ్మ. సీలింగు మూలలో ఉంటే మిద్దెపైకెక్కి పగుళ్లు, నీళ్లు నిలిచే చోటు చూడండి. బాత్రూం అవతలి గోడకుంటే పైపు. తేలకపోతే అడుగు చదరం ప్లాస్టిక్ కవరును గోడకు నాలుగువైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదలండి. కవరు లోపలివైపు తడిస్తే నీళ్లు గోడలోవి. గదివైపు తడిస్తే గాలి ఆడక వచ్చినవి.

4. బేరమా, వెనక్కి రావడమా? గాలి ఆడకపోవడమే కారణమైతే కొనొచ్చు, ఎగ్జాస్ట్ ఫ్యాను, కిటికీ చాలు. మూడడుగుల చదరం లోపు బూజును మాస్కు, గ్లవుజులతో సబ్బునీళ్లు పెట్టి మీరే తోమి ఆరబెట్టుకోవచ్చు. మిద్దె, పైపు అయితే మేస్త్రీతో ఖర్చు రాయించి ధరలో తగ్గించమనండి. స్లాబు పెచ్చులూడి కమ్మి తుప్పు కనబడితే ఇంజనీరుకు చూపించకుండా మాట ఇవ్వొద్దు. పునాది చెమ్మకు మందు ఖరీదెక్కువ, నమ్మకం తక్కువ. వరద నిలిచే పల్లంలో ఉన్నా, ఇంట్లో ఆస్తమా మనిషి ఉన్నా నేనైతే వదిలేస్తాను.

5. కాగితం మీద పెట్టండి. తనకు తెలిసి, మామూలుగా చూస్తే కనబడని లోపాన్ని అమ్మేవాళ్లు చెప్పాలని 1882 ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటోంది. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద ఉన్న కొత్త ఫ్లాటైతే, స్వాధీనం ఇచ్చిన 5 ఏళ్లలోపు కట్టుబడిలో లోపం తేలితే బిల్డరే ఉచితంగా బాగుచేయాలి. పాత ఇంటికైతే కారడం, చెమ్మ గురించి అమ్మేవాళ్లు చెప్పింది అగ్రిమెంటులో రాయించి, ఆ తర్వాతే అడ్వాన్సు చేతిలో పెట్టండి.