‘పాతదే బాగుంది’ అనే ముందు: కొత్త స్టాండప్ స్పెషల్‌ని తూచే పద్ధతి

మేం నలుగురం ఒకే ఫ్లాట్‌లో ఉంటాం. బెంగళూరులో మారతహళ్ళి బ్రిడ్జి దాటి లోపలికి పోతే వచ్చే సందుల్లో ఒకదాంట్లో, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఎవరిదైనా స్టాండప్ స్పెషల్ (అంటే ఒకే కమెడియన్ గంట సేపు జోకులు చెప్పే షో రికార్డింగ్) కొత్తది వచ్చిందంటే ఆ శుక్రవారం రాత్రి బిర్యానీ పార్సిల్ విప్పకముందే టీవీకి ల్యాప్‌టాప్ తగిలించేస్తాం. ఇరవై నిమిషాలు గడిచేసరికి మా అనంతపురం వాడు లెగ్ పీస్ పక్కన పెట్టి తీర్పు ఇచ్చేస్తాడు: "ఏమప్పా, అయిపోయినాడు వీడు. పాతదే బాగుండె." ఏ కమెడియన్ వచ్చినా అదే తీర్పు. మొన్నటిదాకా నేనూ తలూపేవాణ్ణే.

ఒక వానరోజు, నెట్ సరిగ్గా రాక, ఎప్పుడో డౌన్‌లోడ్ చేసిపెట్టుకున్న అలాంటి ‘పాతది’ ఒకటి ఒక్కణ్ణే కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూశా. గంట సేపు నడిచే షోలో నాకు గుర్తున్నవి మూడంటే మూడు బిట్లు (ఒక్కో విషయం మీద నడిచే జోకుల ముక్కలు), మొత్తం కలిపితే పన్నెండు నిమిషాలు ఉంటాయేమో. మిగతాదంతా మొదటిసారి చూస్తున్నట్టే ఉంది. అందులో రీఛార్జ్ కూపన్ గీకడం మీద ఒక ఆరు నిమిషాలు, పెళ్ళాం షాపింగ్ మీద ఇంకో నాలుగు నిమిషాలు, అచ్చం పాత చింతకాయ పచ్చడి. ఇన్నేళ్ళూ మేం కొత్త షోని పోలుస్తున్నది పాత షోతో కాదు, దాని హైలైట్స్‌తో అని ఆ రోజు అర్థమైంది. అప్పట్నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. కొంచెం అతిగా అనిపిస్తుంది, ఒప్పుకుంటా, కానీ వాదనలో గెలుస్తున్నా.

ముందు పాతది చూడండి, మొత్తం, ఒకే కూర్చోవడంలో, ఫోన్ పక్క గదిలో పెట్టి. క్లిప్పులు చూస్తే చూసినట్టు కాదు. యూట్యూబ్ ఆ గంటలోంచి బాగా పేలిన నాలుగు నిమిషాలనే మీకు పదిసార్లు వడ్డించి ఉంటుంది, పేలని నలభై నిమిషాలు ఎప్పుడూ ఎదురుపడలేదు కాబట్టి అవి లేనట్టే లెక్క. కొత్తదానికి ఆ అదృష్టం లేదు. దాన్ని మొదటి నిమిషం నుంచి, నీరసంగా సాగే చోట్లతో సహా, ఒకేసారి మింగాలి.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది: ఏ పాతదానితో పోల్చాలి? అందరూ మొదటి స్పెషల్‌తో పోలుస్తారు, అది అన్యాయం. మొదటి గంట అంటే మనిషి పుట్టినప్పట్నుంచీ పోగేసుకున్న సరుకు. చిన్నప్పటి వీధి, నాన్న కోపం, హాస్టల్, మొదటి ఉద్యోగం, వీటన్నిటినీ ఓపెన్ మైకుల్లో, అంటే ఎవరైనా ఎక్కి జోకులు చెప్పుకునే చిన్న వేదికల మీద, ఐదేసి నిమిషాలుగా కొన్నేళ్ళు అరగదీసి మిగిలిన గంట అది. రెండోదానికి దొరికేది ఏడాదో రెండేళ్ళో, అందులో సగం ఎయిర్‌పోర్టుల్లో, హోటళ్ళలో పోతుంది (రెండో స్పెషల్స్‌లో విమానం జోకులు అన్ని ఎందుకు ఉంటాయో ఇప్పుడు తెలిసిందా?). అమెరికన్ కమెడియన్ జార్జ్ కార్లిన్ లాంటి వాళ్ళు వేరు, 1977 నుంచి 2008 దాకా ఒక్క హెచ్‌బీఓ టీవీ ఛానెల్‌కే 14 స్పెషల్స్ చేశాడాయన. అది కొలబద్దగా పెడితే ఎవరూ పాసవరు. మూడోదాన్ని రెండోదానితో, నాలుగోదాన్ని మూడోదానితో పోల్చండి. మొదటిదాన్ని గోడ మీద ఫొటోలాగా వదిలేయండి.

తర్వాత, రెండూ ఒకే తీరుగా చూడాలి. ఇది చాలామంది పట్టించుకోరు గానీ తేడా అంతా ఇక్కడే వస్తుంది. మా రూమ్‌లో హిందీ స్పెషల్ పెడితే ఒకడికి హిందీ అంతంత మాత్రం, వాడి కోసం సబ్‌టైటిల్స్ వేస్తాం. సబ్‌టైటిల్ ఏం చేస్తుందంటే, కమెడియన్ సెటప్ (జోకుకి ముందు కట్టే మాట) చెప్పి, ఊపిరి పీల్చుకుని, ఒక కనుబొమ్మ ఎత్తి, పంచ్ వేయబోయే లోపే పంచ్‌ని కింద రాసేస్తుంది. మేం ముందు నవ్వేస్తాం, ఆయన తర్వాత చెప్తాడు, చెప్పేసరికి మా నవ్వు అయిపోయి ఉంటుంది, ఆ పైన వచ్చే ట్యాగ్ లైను, అంటే పంచ్ వెనకే తగిలించే చిన్న జోకు, మా నవ్వుల మధ్య ఎవరికీ వినపడదు. అలా చూసి "టైమింగ్ పోయింది వాడికి" అన్నాం ఒకసారి. టైమింగ్ పోయింది మాకు. భాష ఎనభై శాతమే అర్థమవుతున్నా సరే, సబ్‌టైటిల్స్ తీసేయండి. స్పీడ్ 1.25లో పెట్టకండి, ఆ మౌనాలకి కూడా ఆయన లెక్క వేసుకునే ఉంటాడు. పాతది హాస్టల్‌లో పదిమందితో చూసి, కొత్తది ఆఫీస్ క్యాబ్‌లో ఇయర్‌ఫోన్స్‌తో, సిల్క్ బోర్డు దగ్గర హారన్ల మధ్య చూస్తే పోలిక ఏం పోలిక? పక్కన నవ్వేవాడు ఉంటే మనకీ నవ్వొస్తుంది. అందుకే రెండూ ఒంటరిగా అయినా చూడండి, లేదా రెండూ గుంపుతో అయినా చూడండి.

బెంగళూరులో ఉండేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఇక్కడ ఇందిరానగర్‌లో, కోరమంగళలో ట్రయల్ షోలు తరచూ పడుతుంటాయి. తక్కువ టికెట్‌కి పేరున్న కమెడియనే వచ్చి చేతిలో కాగితం పెట్టుకుని కొత్త జోకులు పరీక్షించుకుంటాడు. నేను ఒకసారి అలా ఓ చిన్న గదిలో, ఏసీ నీళ్ళు భుజం మీద పడుతుంటే, ఒకాయన ట్రయల్ చూశా. పీజీ ఓనర్ గీజర్ స్విచ్చి తన బెడ్‌రూమ్‌లో పెట్టుకున్న బిట్ ఒకటి చెప్పాడు, పొట్ట పట్టుకుని నవ్వాను. ఏడాది తర్వాత అదే బిట్ స్పెషల్‌లో వచ్చింది, ఇంకా చెక్కి, ఇంకా పదునుగా. రూమ్‌లో ఇద్దరు దొర్లుతుంటే నేను మాత్రం "అంత లేదు మచ్చా" అన్నా. నాకు అంత లేకపోవడానికి కారణం నేను ఇంతకుముందే నవ్వేసి ఉండటం. ట్రయల్‌లో గానీ, రీల్స్‌లో గానీ ముందే విన్న బిట్లు ఉంటే వాటిని లెక్కలోంచి తీసి పక్కన పెట్టండి. పొగడకండి, తిట్టకండి.

ఇప్పుడు కాగితం. నవ్వకండి, నిజంగానే కాగితం. నోరు తెరిచి నవ్వితే ఒక గీత, ముక్కుతో ఊదితే ఒక చుక్క, ప్రతి పది నిమిషాలకి ఒక అడ్డగీత. అంతే, ఇంకేం రాయొద్దు. లెక్క పెట్టేది మీ నవ్వు, హాల్లో జనం నవ్వు కాదు, ఎందుకంటే తెర మీద వినపడే నవ్వు చాలాసార్లు ఎడిటింగ్ టేబుల్ మీద కుదిరింది. సాధారణంగా ఒకటి కన్నా ఎక్కువ షోలు రికార్డ్ చేసి బాగా వచ్చిన ముక్కలు కలుపుతారు. అమెరికన్ కమెడియన్ క్రిస్ రాక్ 2008 స్పెషల్ ‘కిల్ ద మెసెంజర్’లో అది దాచను కూడా దాచలేదు: లండన్, న్యూయార్క్, జొహానెస్‌బర్గ్, మూడు ఊళ్ళ షోలు కలిపేశారు, ఒక సూటులో మొదలుపెట్టిన మాట ఇంకో సూటులో ముగుస్తుంది. అదే మనిషి 2023 మార్చిలో ‘సెలెక్టివ్ ఔట్‌రేజ్’ని నెట్‌ఫ్లిక్స్‌లో లైవ్‌గా చేశాడు. అందరూ ఎదురుచూస్తున్న చెంపదెబ్బ ముచ్చట (2022 ఆస్కార్ వేదిక మీద నటుడు విల్ స్మిత్ రాక్‌ని కొట్టింది) దగ్గరికి వచ్చేసరికి స్మిత్ సినిమా పేరు ఒకటి అనబోయి ఇంకోటి అనేశాడు, జోకు చెడిందని తనే ఒప్పుకుని మళ్ళీ చెప్పుకున్నాడు. తర్వాత ఉంచిన వెర్షన్‌లో ఆ తడబాటు కత్తిరించేశారు. లైవ్‌లో చూసినవాళ్ళు, మర్నాడు చూసినవాళ్ళు ఒకే షో చూడలేదన్నమాట. కాబట్టి ఎవరైనా "పాతదాంట్లో ఒక్క తడబాటు లేదు" అంటే, ఎడిటర్ పనితనాన్ని కూడా కమెడియన్ ఖాతాలో వేస్తున్నారేమో చూసుకోండి.

గీతలు, చుక్కలు అయ్యాక మొత్తం కూడి, ఎక్కువొచ్చింది గెలిచిందని చెప్పేయకండి. ఎక్కడ గుమిగూడాయో చూడండి. మొదటి ఇరవై నిమిషాల్లో గీతలన్నీ ఉండి తర్వాత ఎడారి అయితే, మంచి సరుకు ముందే ఖర్చు పెట్టేశాడని. చుక్కలతో నడిచి నడిచి చివర్లో ఒక్కసారి నాలుగైదు గీతలు పడితే, మొదట్లో వదిలిన చిన్న మాటలు చివర్లో తిరిగొచ్చాయని, అంటే కాల్‌బ్యాక్ పనిచేసిందని. నా లెక్కలో రెండోదే గట్టి షో, మొత్తం నవ్వులు నాలుగు తక్కువైనా సరే.

ఇక అసలు విషయం: ఈసారి ఆయన ఏం చేయబోయాడు? హిందీ కమెడియన్ జాకిర్ ఖాన్ 2017లో చేసిన ‘హక్ సే సింగిల్’ని, 2022 డిసెంబర్‌లో వచ్చిన ‘తథాస్తు’ని పక్కపక్కన పెట్టి నవ్వులు లెక్కపెడితే మొదటిదే గెలుస్తుందని మా వాళ్ళ వాదన, కావచ్చు. కానీ రెండోదాంట్లో ఆయన చెప్తున్నది ఇంటి కథ. తాతగారు ఉస్తాద్ మొయినుద్దీన్ ఖాన్ సారంగి విద్వాంసుడు, ఆ ఇంట్లో పెరిగి సంగీతం కాదని ఇంకో దారి పట్టిన కుర్రాడి గోల అది. అమెరికన్ కమెడియన్ జాన్ ములేనీ కూడా అంతే. 2018 ‘కిడ్ గార్జియస్’లో ఇస్త్రీ మడత నలగని పెద్దమనిషి, 2023 ‘బేబీ జే’కి వచ్చేసరికి మత్తుమందులు, స్నేహితులంతా కూర్చోబెట్టి మందలించడం, రీహాబ్, వీటన్నిటి గురించీ నోరు విప్పాడు. ఆయన్ని పాత ములేనీలా లేడని తిట్టడం, ఆస్పత్రి నుంచి వచ్చినవాణ్ణి చిక్కిపోయావని తిట్టినట్టుంటుంది.

అలాగని కన్నీళ్ళు పెట్టించినవన్నీ గొప్పవని కాదు, ఈ మధ్య అదో రోగం తయారైంది. యాభై నిమిషాలు జోకులు చెప్పి, చివరి పది నిమిషాలు లైటు తగ్గించి, స్టూలు మీద కూర్చుని నాన్న గురించి చెప్తే చప్పట్లు రాకుండా ఉంటాయా? నేను దీనికి మన హరికథ కొలత వాడతాను. హరిదాసు మధ్యలో పిట్టకథ ఎత్తుకుంటాడు, ఊళ్ళో మునసబుగారి మీద ఓ విసురు విసురుతాడు, జనం నవ్వుతారు, కానీ ఆ పిట్టకథ తిరిగి సీతమ్మ దగ్గరికో ప్రహ్లాదుడి దగ్గరికో వచ్చి తగలాలి. రాకపోతే అది పిట్టకథ కాదు, సొంత గోల. ఆ చివరి పది నిమిషాలు తీసేసి చూడండి. ముందున్న యాభై నిమిషాల్లో ఏ జోకూ దెబ్బతినకపోతే, ఆ కన్నీళ్ళు చివర్లో అతికించినవే.

క్రౌడ్ వర్క్, అంటే ముందు కూర్చున్న జనంతో అప్పటికప్పుడు మాటలు కలిపి నవ్వించడం, దాని గురించి పెద్దగా చెప్పను. రీల్స్‌లో ఒకాయన ముందు వరసలో కూర్చున్న ఐటీ కుర్రాణ్ణి ఆడుకోవడం చూసి ఫ్యాన్ అయి, స్పెషల్‌లో అది లేదని ఏడిస్తే ఎలా? రాసుకున్న జోకులు ముందే బయటపెడితే షోకి ఎవరూ రారని చాలామంది ఆ ముక్కలే ఆన్‌లైన్‌లో వదులుతారు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం ఎంత రంజుగా ఉన్నా, అవధానిని పూరించిన పద్యాలతోనే కదా కొలిచేది.

చివరి పరీక్ష మర్నాడు. ఏ బిట్ అయితే మీకు గుర్తుండిపోయిందో దాన్ని ఇంటికి ఫోన్ చేసి అమ్మకి తెలుగులో చెప్పండి. ఇంగ్లీషులోనో హిందీలోనో విన్న జోకుని తెలుగులోకి తెస్తే, దాని గొంతు, నడక, కనుబొమ్మ అన్నీ ఊడిపోయి ఆలోచన ఒక్కటే మిగులుతుంది. ఆలోచన బలమైనదైతే అమ్మ నవ్వుతుంది. నవ్వకపోతే జోకు చెత్తదని కాదు, బలమంతా చెప్పే తీరులో ఉందని. పాతదాంట్లోంచి ఒకటి, కొత్తదాంట్లోంచి ఒకటి చెప్పి చూస్తే, ఈ రెండేళ్ళలో ఆయన రాయడంలో పెరిగాడా నటించడంలో పెరిగాడా అన్నది బయటపడుతుంది. నేను ఆ గీజర్ స్విచ్చి బిట్ చెప్పాను. ఓనర్ నిద్రలేచేదాకా ముప్పై మంది తువ్వాళ్ళు కట్టుకుని వరండాలో నిలబడటం, ఆయన ఊరెళ్ళిన రోజు ఎవరూ స్నానం చేయకపోవడం, అంతా విని అమ్మ కాసేపు ఆగి, "పాపం, ముప్పై మందికి గీజరంటే ఆయనకి కరెంటు బిల్లు ఎంతొస్తుందో" అంది.

ఆ మాట రూమ్‌లో చెప్తే, మొత్తం స్పెషల్‌లో ఒక్క గీత కూడా పెట్టని మా అనంతపురం వాడు బిర్యానీ పొలమారేలా నవ్వాడు.