కాలేయంలో చీముగడ్డా, హైడాటిడ్ తిత్తా? సూది దింపేముందు తేలాల్సిన సంగతి

పాడేరు నుంచో టెక్కలి నుంచో విశాఖ కేజీహెచ్‌కి కుడి డొక్కలో నొప్పితో వచ్చినవాళ్లకి స్కానింగ్‌లో "లివర్‌లో గడ్డ" అని వస్తే, తోడొచ్చినవాళ్లు ముందు అడిగేది పైపు ఎప్పుడు వేస్తారని. అంతకంటే ముందు అడగాల్సింది: ఇది అమీబా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చిన చీముగడ్డా, కుక్కల బద్దెపురుగు గుడ్ల వల్ల పుట్టే హైడాటిడ్ నీటితిత్తా? రెండోదాన్ని గుర్తించకుండా సూది గుచ్చితే లోపలి ద్రవం పొట్టలోకి కారి ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు, చిందినచోట కొత్త తిత్తులు పుట్టొచ్చు.

అమీబా గడ్డకి చలిజ్వరం, ముట్టుకుంటే ఓర్వలేని నొప్పి ఉంటాయి. సాధారణంగా ఒకటే గడ్డ, ఎక్కువగా కుడివైపు. హైడాటిడ్ ఏళ్లతరబడి మెల్లగా పెరుగుతుంది, జ్వరం మామూలుగా ఉండదు. స్కానింగ్‌లో రెండు పొరల గోడ, లోపల పిల్లతిత్తులు కనిపిస్తే అదే. అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించాకే సూది.

అమీబాకి అసలు మందు మెట్రోనిడజోల్: పెద్దవాళ్లకి సాధారణంగా 800 మిల్లీగ్రాములు రోజుకి 3 సార్లు, 7 నుంచి 10 రోజులు. చాలామందికి దీంతోనే తగ్గుతుంది. 3, 4 రోజులైనా జ్వరం దిగకపోతే, గడ్డ 10 సెంటీమీటర్లు దాటితే, పగిలేలా ఉంటే, గుండె పొరలోకి పగిలే ప్రమాదమున్న ఎడమవైపు గడ్డయితే చీము తీస్తారు. ముందు రక్తం గడ్డకట్టే పరీక్ష, ప్లేట్‌లెట్లు చూడాలి. తర్వాత మత్తు సూదిచ్చి, అల్ట్రాసౌండ్ చూస్తూ పైపు వేస్తారు. వచ్చే చీము చాక్లెట్ రంగులో, వాసన లేకుండా ఉంటుంది. కంపు కొడితే బ్యాక్టీరియా కూడా చేరిందన్నమాట, కల్చర్‌కి (ఏ బ్యాక్టీరియానో తేల్చే పరీక్షకి) పంపాలి.

పైపుకి తగిలించిన సంచీ ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి. రోజూ ఒకే వేళకి ఎంత వచ్చిందో రాయండి. ఉన్నట్టుండి ఆగిపోతే తగ్గిపోయిందనుకోకండి, పైపు మడతపడి ఉండొచ్చు, చిక్కటి చీము అడ్డుపడి ఉండొచ్చు. నర్సుకి చెబితే సెలైన్‌తో కడుగుతారు, మీరు మాత్రం ఏదీ ఎక్కించకండి. పచ్చగా వస్తే పైత్యరసం, వెంటనే డాక్టర్‌కి చూపించాలి. రోజుకి 10, 20 మిల్లీలీటర్లకి పడిపోయి, స్కాన్‌లో గడ్డ కుంచించుకుపోయాకే పైపు తీస్తారు. గుంత ఆనవాలు కొన్ని నెలలు కనిపిస్తుంది, నొప్పి, జ్వరం లేకపోతే దానికి మళ్లీ పైపు అక్కర్లేదు.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు: జ్వరం తగ్గగానే మందులు ఆపేయడం. పేగులో మిగిలిన అమీబా కోసం డైలోక్సనైడ్ 500 మిల్లీగ్రాములు రోజుకి 3 సార్లు, 10 రోజులు వాడాలి. లేకపోతే మళ్లీ రావచ్చు. మెట్రోనిడజోల్ వాడుతున్నప్పుడూ, ఆపాక 3 రోజులూ కల్లు, సారా ముట్టకూడదు.

హైడాటిడ్‌కి ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు రోజుకి 2 సార్లు, నూనె, నెయ్యి ఉన్న భోజనంతో వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. లివర్ పరీక్షలు, తెల్లకణాలు మధ్యమధ్యలో చూడాలి, గర్భిణులైతే ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పి తీరాలి. పిల్లతిత్తులు లేని నీటితిత్తిని పెయిర్ పద్ధతిలో శుద్ధి చేయొచ్చు: మందు ముందే మొదలుపెట్టి, సూదితో ద్రవం తీసి, పైత్యనాళంతో సంబంధం లేదని రూఢి చేసుకుని, 20 శాతం ఉప్పునీరు ఎక్కించి, 10 నుంచి 15 నిమిషాలాగి వెనక్కి లాగుతారు. నాళంతో కలిసి ఉంటే ఆ ఉప్పునీరు నాళాల్నే కాల్చేస్తుంది. అలర్జీ వస్తే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ సూదిమందు పక్కనే సిద్ధంగా ఉండాలి. మందు కనీసం ఇంకో నెల కొనసాగుతుంది.

పిల్లతిత్తులు నిండినవి, పగిలినవి, పైత్యనాళంలోకి తెరుచుకున్నవి ఆపరేషన్‌కే. చుట్టూ ఉప్పునీటి గుడ్డలు పరిచి, తిత్తి ఖాళీ చేసి, పైకప్పు కోసి, పైత్యం కారే రంధ్రాలు కుట్టి, మిగిలిన గుంతని ఒమెంటంతో (పొట్టలో ఉండే కొవ్వు పొరతో) నింపుతారు. తర్వాత పైత్యం కారడం ఆగకపోతే ఎండోస్కోపీతో పైత్యనాళంలో స్టెంట్ (చిన్న గొట్టం) పెడతారు. సున్నం పట్టి గట్టిపడిన, ఇబ్బంది పెట్టని తిత్తిని మాత్రం ఏమీ చేయకుండా స్కానింగ్‌తో గమనిస్తారు.

ఇంటికెళ్లాక మేకని, గొర్రెని కోసినప్పుడు తిత్తులున్న కాలేయం, ఊపిరితిత్తులు కుక్కలకి వేయకండి. వాటిని తిన్న కుక్కల మలం నుంచే గుడ్లు మన నోటికి చేరతాయి.