నెలసరి డైరీ చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: బరువు గడి

పోయిన పాఠంలో తేదీలు రాసుకోవడం చూశాం. ఒక నెలసరి మొదటి రోజు నుంచి తర్వాతి నెలసరి వరకు 21 నుంచి 35 రోజులు పడితే మామూలే. ఈ వారం తేదీ పక్కన ఇంకో రెండు గడులు గీయండి: బరువు, నడుము.

బరువు వారానికి ఒక్కసారే చూడండి. పొద్దున్నే, ఏమీ తినకముందు, ఎప్పుడూ ఒకే మిషన్ మీద. రోజూ చూస్తే టెన్షన్ తప్ప ఏమీ తేలదు, ఎందుకంటే నెలసరికి ముందు ఒంట్లో నీరు చేరుతుంది. నడుముకైతే చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో టేపు చుట్టి, ఊపిరి వదిలాక కొలవండి. మన దేశపు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు.

ఇప్పుడు ఒక పేజీ చదువుదాం. ఇక్కడ బెంగళూరులో, మారతహళ్లి పీజీలో నా పక్క గదిలో ఉన్న అమ్మాయిది. తను ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పెళ్లి కుదిరింది, సన్నబడాలనుకుంది. పొద్దున కాఫీ, రాత్రి రెండు చపాతీలు, మధ్యలో గంటన్నర జిమ్. రోజులు: 29, 34, 47, ఆ తర్వాత ఖాళీ. బరువు: 51 నుంచి 43. చూసినవాళ్లంతా 'ఎంత బాగా తగ్గావే' అన్నారు. ఆ ఖాళీ గడిని ఎవరూ అడగలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఒకే వంటగదిలో తిరుగుతూ నేనూ అడగలేదు.

ఆ ఖాళీ ఎలా వచ్చింది? కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్ తయారు చేస్తాయి. దీన్ని 1994లో కనుక్కున్నారు. 'తిండికి లోటు లేదు' అని మెదడుకు కబురు చేరవేసేది ఇదే. తిండి, కొవ్వు బాగా తగ్గితే ఆ కబురూ తగ్గుతుంది. అప్పుడు మెదడులో హార్మోన్లను నడిపే హైపోథాలమస్ నెమ్మదిస్తుంది, దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి అండాన్ని ఎదిగించే హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ సరిగా రావు, అండం ఎదగదు, ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ పడిపోతుంది. నెలల తరబడి ఇలాగే ఉంటే ఎముకలు గుల్లబారతాయి. బరువు మామూలుగానే ఉన్నా, చేసే వ్యాయామానికి తిండి చాలకపోతే ఇదే జరుగుతుంది.

రెండో రకం పేజీలో రోజులు 45, 60, 52 ఉంటాయి. వచ్చినప్పుడు రక్తస్రావం ఎక్కువ, నడుము పెరుగుతూ ఉంటుంది. ఇక్కడ అసలు మాట ఇన్సులిన్. అది ఎక్కువైతే అండాశయంలో టెస్టోస్టెరాన్ పెరుగుతుంది. దాన్ని పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా చేస్తుంది. అండం సగంలో ఆగిపోతుంది. అండం విడుదల కాకపోతే, గర్భాశయం పొరను అదుపులో పెట్టే ప్రొజెస్టిరాన్ రాదు. కొవ్వులో తయారయ్యే ఈస్ట్రోజెన్ మాత్రం గర్భాశయం లోపలి పొరను మందం చేస్తూ పోతుంది. పీసీఓఎస్‌లో (అండాశయాల హార్మోన్ల తేడాతో వచ్చే సమస్య) తరచూ కనిపించేది ఇదే. అలాగని సన్నగా ఉన్నవాళ్లకు పీసీఓఎస్ రాదనుకోకండి. బరువు ఎక్కువున్నవాళ్లలో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలామందికి అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. 62 కిలోలుంటే 5 శాతమంటే సుమారు 3 కిలోలే.

అభ్యాసం: గత ఆరు నెలల రోజుల లెక్క ఒక వరుసలో, గుర్తున్నంతవరకు బరువు కింది వరుసలో రాయండి. రోజులు ఎప్పుడు పెరగడం మొదలైందో అక్కడ గీత గీసి, ఆ నెలలో తిండి, నిద్ర, జిమ్ ఎలా మారాయో పక్కన రాయండి. మూడు నెలలు ఖాళీగా ఉంటే వచ్చే పాఠం దాకా ఆగకండి. ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకుని, ఈ పేజీ పట్టుకుని గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) తేడాల వల్ల కూడా నెలసరి ఆగుతుంది కాబట్టి ఆ పరీక్షలూ రాస్తారు. ఆ రిపోర్టులను డైరీ పక్కన పెట్టుకుని ఎలా చదవాలో 4వ పాఠంలో చూద్దాం.