మీటరు విప్పే ముందు: పాత ఎంజీబీ డ్యాష్‌బోర్డు బాగుచేసుకునే పద్ధతి

ఎంజీబీ, ట్రయంఫ్ లాంటి పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో మీటరు ముల్లు కదలకపోతే చాలామంది వెంటనే స్క్రూడ్రైవర్ పట్టుకుని మీటరు ఊడదీసేస్తారు. ఆ పని చివరికి పెట్టుకోండి. ఈ కార్లలో ఉండే స్మిత్స్, జేగర్ కంపెనీల మీటర్లు గట్టివి. ఇన్నేళ్ళ తర్వాత కూడా లోపలి యంత్రం చాలాసార్లు బాగానే ఉంటుంది, పాడయ్యేది దాని చుట్టూ ఉన్న సరంజామా: తుప్పు పట్టిన ఎర్తు, ఎండిపోయిన కేబులు, వోల్టేజ్ స్టెబిలైజరు, రాయిలా బిగుసుకుపోయిన రబ్బరు. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో తయారైన ఎంజీబీని పట్టుకునే చెప్తాను, అప్పటి ట్రయంఫ్‌లకూ చాలావరకు ఇదే పద్ధతి.

ముందు బ్యాటరీ సంగతి చూడాలి. 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో బాడీకి ఎర్తు అయ్యేది ప్లస్, మైనస్ కాదు. తిరుపతిలో ఏ ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళినా బానెట్ ఎత్తకముందే ఈ మాట చెప్పండి, ఎందుకంటే అలవాటు కొద్దీ మైనస్ తెచ్చి బాడీకి కలిపేస్తే టాకోమీటరు (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు) లోపలి ట్రాన్సిస్టర్లు పోతాయి. పాత యజమానులెవరైనా మధ్యలో మార్పించి ఉండొచ్చు కూడా, కాబట్టి కారు ఏ సంవత్సరానిదో చూసి ఊరుకోకుండా ఏ టెర్మినల్ నుంచి బాడీకి తీగ వెళ్తోందో కళ్ళతో చూసుకోండి.

ఇగ్నిషన్ వేసి పెట్రోలు మీటరు చూడండి. ముల్లు మెల్లగా పాకుతూ పైకి లేస్తే అది బైమెటల్ రకం (వేడికి వంగే రెండు లోహాల పట్టీతో ముల్లు కదిలేది), దాని వెనక స్టెబిలైజరు ఉంటుంది. టక్కున ఎగిరితే అంతకుముందు రకం, దానికి స్టెబిలైజరు ఉండదు. బైమెటల్ రకంలో పెట్రోలు ముల్లు, ఎలక్ట్రిక్ టెంపరేచర్ ముల్లు రెండూ ఒకేసారి ఎక్కువో తక్కువో చూపిస్తున్నాయంటే మీటర్ల జోలికి వెళ్ళొద్దు, తప్పు స్టెబిలైజరుది, లేదా దాని ఎర్తుది. పచ్చ తీగ ఫ్యూజు నుంచి 12 వోల్టులు తెస్తుంది, స్టెబిలైజరు దాన్ని ఆపుతూ వదులుతూ సగటున 10 వోల్టులకు తెస్తుంది. అందుకే డిజిటల్ మల్టీమీటరు పెడితే అంకెలు ఎగురుతూనే ఉంటాయి, కంగారు పడకండి. అసలు కదలకుండా 12 దగ్గరే నిలబడితేనే అనుమానించాలి. ముందు దాని డబ్బా బాడీకి తగిలే చోట ఉప్పు కాగితంతో రుద్ది శుభ్రం చేయండి, చాలాసార్లు అక్కడితోనే పని అయిపోతుంది. నిజంగానే పోయి ఉంటే ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే, 10 వోల్టులు ఇచ్చే 7810 ఐసీతో పాత డబ్బాలోనే కొత్తది కట్టించుకోవచ్చు. ప్లస్ ఎర్తు కారుకి మాత్రం 7910 వాడాలి.

పెట్రోలు మీటరు మంచిదో కాదో తేల్చాలంటే ట్యాంకు నుంచి వచ్చే పచ్చ మీద నల్ల గీత ఉన్న తీగ విప్పి, దానికీ బాడీకీ మధ్య 68 ఓమ్‌ల రెసిస్టరు పెట్టండి. బైమెటల్ మీటరైతే ముల్లు కాసేపటికి సగం దగ్గరికి వచ్చి నిలబడాలి. నిలబడితే తప్పు ట్యాంకులోని ఫ్లోటుది. ఆ తీగని నేరుగా బాడీకి తాకించి చూసే అలవాటు కొందరికి ఉంది, అలా ఎక్కువసేపు ఉంచితే లోపలి సన్నటి చుట్ట కాలిపోతుంది.

స్పీడోమీటరు ముల్లు ఊగుతుంటే కేబులే కారణం అనుకోండి. లోపలి తీగ బయటికి లాగి, కిరసనాయిలుతో కడిగి, గ్రీజు పలచగా పట్టించండి. మీటరు వైపు 20 సెంటీమీటర్ల మేర మాత్రం తుడిచేయాలి, లేకపోతే తిరిగే తీగ వెంబడి గ్రీజు పైకి పాకి మీటరులోకి దిగుతుంది. స్పీడు సరిగ్గా చూపిస్తుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. డయలు మీద చిన్న అంకెల్లో 1280 అనో 1000 అనో ఉంటుంది, అది మైలుకి కేబులు తిరిగే చుట్ల లెక్క. గంటకి 60 మైళ్ళంటే నిమిషానికి ఒక మైలు కదా, అంటే 1280 అని ఉన్న మీటరుని నిమిషానికి 1280 చుట్లు తిప్పితే ముల్లు సరిగ్గా 60 మీదికి రావాలి. వేగం చూపించే డ్రిల్లు ఉంటే చాలు. కేబులు ఎటు తిరుగుతుందో ముందే చూసుకుని అటే తిప్పండి.

టెంపరేచర్ మీటరు పాత రకమైతే వెనక నుంచి సన్నటి గొట్టం ఇంజిన్ దాకా వెళ్తుంది. అందులో ఈథర్ ఉంటుంది. ఆ గొట్టాన్ని కోయడం గానీ మడవడం గానీ చేయకూడదు, విరిగితే ఇంట్లో అతికేది కాదు. డ్యాష్‌బోర్డు తీసేటప్పుడు ముందు ఇంజిన్ వైపు కొన విప్పి, చుట్ట చుట్టుకుంటూ మీటరుతో సహా బయటికి తేవాలి.

ఇన్ని చూశాక కూడా తెరవాల్సి వస్తే, మీటరు ముందున్న క్రోమ్ రింగుని పీకకండి. అంచు లోపల చిన్న చిన్న నాలుకలు ఉంటాయి, అవి డబ్బా అంచులోని గాడులకి ఎదురుగా వచ్చేదాకా తిప్పాలి, పాత రకం హోల్డరులోంచి బల్బు తిప్పి తీసినట్టు. రబ్బరు అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి ముందు రోజు రాత్రే అంచు చుట్టూ తుప్పు వదిలించే నూనె కొద్దిగా వేసి, మొహం కిందికి పెట్టి ఉంచండి.

తెరిచాక డయలుని గుడ్డతో తుడవొద్దు. ఆ నల్లటి మ్యాట్ మీద తెల్ల అంకెలు పైపైన అచ్చు వేసినవే, తడి గుడ్డ తగిలితే అంకె సగం గుడ్డకే వస్తుంది. బొమ్మలు వేసే మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి, అంతకు మించి ఏమీ చేయొద్దు. కాస్త వెలిసినా అసలు డయలే అందం, పైన అతికించే కొత్త స్టిక్కర్లు నాకు ఏమాత్రం నచ్చవు. ముల్లు రంగు పోయి ఉంటే పీకకుండా కింద కాగితం జరిపి, ఒక్క పలచటి పూత వేయండి, మందంగా వేస్తే బరువు మారి ముల్లు తప్పు చూపిస్తుంది. డబ్బా లోపలి గోడలకి తెల్ల రంగు వేస్తే రాత్రి వెలుతురు బాగా పెరుగుతుంది.

ఇక డ్యాష్‌బోర్డు. ఎంజీబీ రేకు మీద ఉండే ముడతల పెయింటుకి వేడి కావాలి. మన మే నెల ఎండకి రేకు ముట్టుకోలేనంత కాగుతుంది, ఆ ఎండే సరిపోతుంది, కానీ దుమ్ము పడకుండా అద్దాలు మూసిన గదిలో ఎండ పడే చోట పెట్టండి. పూతలు మందంగా, ఒకటి అడ్డంగా ఒకటి నిలువుగా వేయాలి. ట్రయంఫ్ టీఆర్6 లాంటి చెక్క డ్యాష్‌బోర్డైతే వాల్‌నట్ వెనీరు (పైన అతికించే పలచటి చెక్క పొర) పని ఫర్నిచర్ వడ్రంగికి ఇవ్వండి. శేషాచలం పక్కనే ఉన్నాం కదా అని ఎర్రచందనం ముక్క గురించి ఎవరైనా చెబితే వినకండి, అది రక్షిత వృక్షం, కేసు అవుతుంది. రబ్బరు సొల్యూషన్ లాంటి జిగురు ఇక్కడి ఎండకి మెత్తబడి వెనీరు పొంగుతుంది, నీటికి తట్టుకునే చెక్క జిగురు రాసి బరువు పెట్టించండి. చెక్క మీద మెరుపుకి వేసే లాకరు పూత పనిని నవంబరు వానల్లో పెట్టుకోవద్దు, గాలిలో తేమకి తెల్లగా పొర కడుతుంది.

తిరిగి బిగించేటప్పుడు ప్రతి మీటరుకీ విడిగా నల్ల ఎర్తు తీగ ఇవ్వండి, రంగు వేసిన రేకుని నమ్ముకోవద్దు. ఆయిల్ ప్రెషర్ గొట్టంలో రబ్బరు ముక్క, లెదర్ వాషరు కొత్తవి వేయండి, అది కారితే వేడి ఆయిలు కాళ్ళ మీద పడుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి ముందు ఆయిల్ ప్రెషర్ ముల్లే చూడండి, బండి వేడెక్కి రోడ్డు మీద నడుస్తున్నప్పుడు చదరపు అంగుళానికి 50 నుంచి 80 పౌండ్ల మధ్య ఉంటే సరిగ్గా ఉన్నట్టే, నిలబడి ఐడిల్‌లో ఉన్నప్పుడు 10 నుంచి 25 దాకా పడిపోవడం మామూలే.