మొబైల్ యాప్‌లో లాగిన్ వివరాలను భద్రపరిచే పద్ధతి

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకు లెక్కల యాప్ రాసి ఇచ్చిన కొత్తల్లో, అక్కడి గుమాస్తా ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి యాప్ ఫోల్డర్ తెరిచాను. ఆండ్రాయిడ్ యాప్ తన చిన్న చిన్న అమరికలను దాచుకునే షేర్డ్ ప్రిఫరెన్సెస్ ఎక్స్‌ఎంఎల్ ఫైలులో, యూజర్ పేరు కింది వరుసలోనే, ఆయన పాస్‌వర్డ్ అక్షరం పొల్లు పోకుండా కనిపించింది. ఆ వరుస రాసింది నేనే. పరీక్షల కోసం వేసిన డీబగ్ బిల్డ్‌ను తీయకపోవడం వల్లే ఫోల్డర్ అంత సులువుగా తెరుచుకున్నదని, జనానికి ఇచ్చే రిలీజ్ బిల్డ్ అయితే రూట్ చేసిన (రక్షణలు తొలగించి పూర్తి అధికారం తెచ్చుకున్న) ఫోన్‌లో తప్ప అది బయటివారికి అంత తేలికగా అందదని తెలిసినా, ఏ రైతుకు ఎన్ని టిక్కీల (మిర్చి బస్తాల) డబ్బు బాకీ ఉన్నదో చూపే తాళం అలా పడి ఉండటం నాకు మింగుడుపడలేదు.

అందుచేత మొదటి నియమం, పాస్‌వర్డును ఫోన్‌లో ఏ రూపంలోనూ దాచకూడదు. లాగిన్ సమయంలో దానిని హెచ్‌టీటీపీఎస్ అనే గుప్తీకరించిన దారి మీదుగా ఒక్కసారి సర్వర్‌కు పంపి, బదులుగా కొద్ది నిమిషాలే చెల్లే యాక్సెస్ టోకెన్‌ను (పాస్‌వర్డుకు బదులు చూపే అనుమతి చీటీని), దానిని పునరుద్ధరించే రిఫ్రెష్ టోకెన్‌ను తీసుకోవాలి. సర్వర్ కూడా పాస్‌వర్డును ఆర్గాన్2 లేదా బీక్రిప్ట్ హ్యాష్‌గానే (వెనక్కు తిప్పలేని రూపంలోనే) ఉంచాలి. ఫోన్ పోయిన రోజున ఆ ఒక్క ఫోన్ టోకెన్‌ను సర్వర్‌లో రద్దు చేస్తే సరిపోతుంది.

ఇక దాచవలసింది రిఫ్రెష్ టోకెన్. ఆండ్రాయిడ్ 6 నుంచి, ఫోన్‌లోని తాళంచెవుల పెట్టె అయిన కీస్టోర్‌లోనే ఏఈఎస్ అనే గుప్తీకరణ పద్ధతి కీని సృష్టించవచ్చు. ఆ కీ బైట్లు మన యాప్ చేతికి కూడా రావు. 256 బిట్ల కీతో, ఎవరైనా మార్చితే పట్టేసే జీసీఎం పద్ధతిలో టోకెన్‌ను గుప్తీకరించి, ఆ ఫలితాన్నీ 12 బైట్ల ఐవీనీ (గుప్తీకరణ మొదలుపెట్టే విలువనూ) కలిపి ఫైలులో ఉంచాలి. ప్రతిసారీ కొత్త ఐవీ కావాలి, దానిని కీస్టోర్‌నే ఎంచుకోనివ్వడం మేలు. కీని కోడ్‌లో రాయడం మాత్రం తాళంచెవిని గుమ్మానికి వేలాడదీయడమే, యాప్ ఇన్‌స్టాల్ ఫైలైన ఏపీకేను విప్పి చదవడం ఏమంత కష్టం కాదు. ఈ పనినే చేసిపెట్టే ఎన్‌క్రిప్టెడ్ షేర్డ్ ప్రిఫరెన్సెస్‌ను గూగుల్ 2025లో డెప్రికేట్ చేసింది (ఇక వాడవద్దని ప్రకటించింది) కనుక కొత్త యాప్‌కు దానిని ఎంచుకోవద్దు.

చాలామంది తడబడేది బ్యాకప్ దగ్గర. గుప్తీకరించిన ఫైలు ఆటో బ్యాకప్ ద్వారా కొత్త ఫోన్‌కు చేరుతుంది, పాత ఫోన్‌లోని కీ మాత్రం చేరదు; డీక్రిప్షన్ (గుప్తీకరణను విప్పడం) విఫలమై యాప్ తెరవగానే మూసుకుపోతుంది. కాబట్టి ఆ ఫైలును బ్యాకప్ నియమాలలో మినహాయించాలి. అయినా డీక్రిప్షన్ విఫలమైతే ఫైలును చెరిపి లాగిన్ తెరను చూపేలా రాయాలి.

ఐఫోన్‌లో టోకెన్ రహస్యాల పెట్టె అయిన కీచైన్‌లో ఉండాలి, మామూలు అమరికలు దాచే యూజర్ డిఫాల్ట్స్‌లో కాదు. అన్‌లాక్ అయినప్పుడు, ఈ పరికరంలో మాత్రమే అందుబాటు అనే అమరికను ఎంచుకోవాలి. యాప్‌ను తీసేసినా కీచైన్ వివరాలు మిగిలిపోవచ్చు కనుక, తిరిగి వేసుకున్నాక మొదటిసారి తెరిచినప్పుడు వాటిని తుడవాలి.

యార్డులో సీజన్ వేళ ఒకే ఫోన్ ఇద్దరు ముగ్గురు గుమాస్తాల చేతులు మారుతుంది. ఎవరి లాగిన్ వారికి ఇచ్చి, లాగ్అవుట్ నొక్కగానే టోకెన్‌ను ఫోన్‌లో చెరపడంతోపాటు సర్వర్‌లోనూ రద్దు చేయాలి. వేలిముద్ర అడగడం మంచిదే కానీ, మిర్చి పట్టిన వేళ్లను సెన్సర్ ఒక్కోసారి గుర్తించదు. ఆండ్రాయిడ్ 11 నుంచి, వాడిన ప్రతిసారీ అనుమతి అడిగే కీకి స్క్రీన్ లాక్ పిన్‌ను కూడా అనుమతించవచ్చు. టోకెన్‌ను లాగ్‌లో (యాప్ నడక నమోదులో) ముద్రించే వరుస ఒక్కటి కూడా రిలీజ్ బిల్డ్‌లో మిగలకూడదు.

ఇప్పటికే జనం ఫోన్లలో ఉన్న పాత వెర్షన్‌ను మరువవద్దు. కొత్త వెర్షన్ మొదటిసారి తెరుచుకోగానే ఆ పాత ఎక్స్‌ఎంఎల్ వరుసను తుడిచి, అందరి చేతా పాస్‌వర్డులు మార్పించాను. తరువాత గుమాస్తా ఫోన్‌లో డీబగ్ బిల్డ్ తీసేసి రిలీజ్ బిల్డ్ వేసి, కేబుల్ తగిలించి చూస్తే ఫోల్డర్ తెరుచుకోలేదు.